మరియ స్నానం, అరగంట

మా పై వాటాలో కొత్తగా కాపురానికి వచ్చిన అమ్మాయి మొన్నొక ఉదయం ఫోను చేత్తో పట్టుకుని కిందికి దిగి వచ్చింది. అందులో ఎవరో ఆవిడ గుత్తివంకాయ చేసి చూపిస్తోందట. "అన్నీ బాగానే చెప్తోంది మామ్మగారూ, ఉప్పు దగ్గరికి వచ్చేసరికి తగినంత అంటోంది. తగినంత అంటే ఎంతండీ?" అని అడిగింది. నాకు ఎనభై దాటి చాలా ఏళ్ళయింది. జీవితంలో ముప్పాతిక భాగం పొయ్యి ముందే గడిపినదాన్ని. అయినా మాటల్లో చెప్పడం రాక, ఉప్పు డబ్బాలో చెయ్యి పెట్టి, మూడు వేళ్ళతో తీసి, ఇదిగో ఇంత అని చూపించాను. ఆ అమ్మాయి తల ఊపి వెళ్ళిపోయింది. అర్థం కాలేదని మొహం చూస్తే తెలుస్తోంది. ఆమె వెళ్ళాక నాకు సిగ్గేసింది. ఎందుకంటే సరిగ్గా అలాగే మా అత్తగారు మాట లేకుండా చేత్తో చూపించినందుకు ఒకప్పుడు చోడవరంలో ఒక వంటింటి గుమ్మంలో కూర్చుని నేను ఏడ్చాను.

మాది యానాం. నేను పెరిగే రోజుల్లో అది ఫ్రెంచివాళ్ళ ఏలుబడిలో ఉండేది. నాన్నగారు వాళ్ళ కచేరీలో గుమాస్తా. అమ్మ నా నాలుగో ఏట పోయింది. ఒక ముసలి వంటమనిషి వచ్చి వండిపెట్టి వెళ్ళేది. నేను సిస్టర్ల బడిలో ఫ్రెంచి చదువుకుని, కుట్లు అల్లికలు నేర్చుకుని, పొయ్యి దగ్గరకు ఒక్కనాడూ వెళ్ళకుండానే పదహారేళ్ళదాన్నయ్యాను. కాకినాడలో ఉన్న మా మేనత్త చోడవరం సంబంధం తెచ్చింది. అప్పుడే దొరలు ఊరు విడిచి వెళ్ళిపోతున్నారు. కచేరీలో ఒక పెద్ద ఉద్యోగి భార్య సామాను సర్దుకుంటూ, ఓడలో మోసుకుపోలేనివన్నీ పంచిపెడుతుంటే, నాన్నగారు వెళ్ళి ఒక వంటల పుస్తకం అడిగి తెచ్చారు. నల్ల గుడ్డ అట్ట, ఇటుకంత మందం, పేజీల మధ్య ఒక ఎర్ర రిబ్బను. దాన్ని నా పెట్టెలో చీరల మధ్య పెడుతూ, "నీకు నేర్పడానికి అమ్మ లేదు. తెలుగులో ఇలాంటిది నాకెక్కడా కనబడలేదు. నిప్పు ఎక్కడైనా నిప్పే కదమ్మా. ఇది చదువుకుంటే ఆ వంటా వస్తుంది" అన్నారు. ఆయన లోకం తెలిసిన మనిషి. అయినా పప్పుచారు పెట్టడం రావడానికి ఫ్రెంచి పుస్తకం ఇచ్చి కూతుర్ని అత్తవారింటికి పంపిన తండ్రి ఇంకొకరు ఉండరనుకుంటాను.

చోడవరంలో మా అత్తవారిది చెరకు సాగు. మావగారు నా పెళ్ళికి ముందే పోయారు. పొలం, పొలంలోనే ఉన్న బెల్లం గానుగ, ఇల్లు, అన్నీ అత్తగారు సన్యాసమ్మగారే చూసుకునేవారు. మా ఆయన రావికమతం బడిలో మాస్టారు. పొద్దున్నే సైకిలెక్కి వెళ్ళి దీపాల వేళకు వచ్చేవారు. ఆయన చెల్లెలు పైడితల్లి, నాకన్నా రెండేళ్ళు చిన్నది, అందరూ పైడి అనేవారు. ఇల్లు ఎప్పుడూ పొగ వాసనా, ఉడికే చెరకు రసం వాసనా కలిసి ఒక తియ్యటి మసి వాసన వేసేది. అది బట్టలకూ, తలగడకూ, తాగే నీళ్ళకూ పట్టేది. ఎండిన చెరకు ఆకూ పిప్పీ తెచ్చి పొయ్యిలో తోసేవారు. ఆ మంట ఒక్కసారి లేచి మీసాలు కాల్చేటంత ఎత్తుకు వెళ్ళి, మరుక్షణం చల్లారిపోయేది. పొద్దున్న రాగులతో కాచే చోడి అంబలి, ఉల్లిపాయ. మధ్యాహ్నం అన్నం, ఎండుచేపల పులుసు. గానుగ ఆడే రోజుల్లో ఇరవై మంది కూలీలకు వంట. వాళ్ళ మాట నాకు సగం తెలిసేది కాదు. మా వైపు గుంట అంటే నీళ్ళు నిలిచే గొయ్యి, కాకపోతే తిట్టు. ఇక్కడ గుంట అంటే ఆడపిల్ల. నేను దిగిన రోజున వాకిట్లో ఎవరో "గుంట వచ్చీసిందేటి?" అంటే నేను కాళ్ళ కింద చూసుకున్నాను.

అత్తగారు ఎప్పుడూ నన్ను గట్టిగా ఒక మాట అనలేదు. అసలు కష్టం అదే. వంట చేస్తున్నంత సేపూ ఆవిడ నోట్లో చుట్ట ఉండేది, అడ్డపొగ, అంటే నిప్పున్న కొస లోపలికి పెట్టుకుని. ఆ నోటితో మాట రాదు. నేను పక్కన నిలబడి "అత్తయ్యగారూ, ఉప్పు ఎంత వెయ్యాలండీ?" అంటే పిడికిలి పట్టి చూపించేవారు. "ఎంతసేపు ఉడకాలండీ?" అంటే కుండ వంక గడ్డంతో చూపించేవారు. ఒకటి రెండుసార్లు చుట్ట తీసి, "సూసి నేర్సుకోవాలమ్మా" అన్నారు. చూశాను. చేతులు అంత వేగంగా తిరుగుతుంటే ఏం చూడాలో తెలిసేది కాదు. మొదటిసారి నా చేతికి వదిలిన అన్నం అడుగు మాడి, పైన బిరుసుగా, మధ్యలో జావగా, మూడు రకాలుగా తయారయింది. అత్తగారు ఏమీ అనకుండా కుండ తీసుకెళ్ళి గేదె కుడితిలో పోసి, మళ్ళీ బియ్యం కడిగారు. ఆ రోజే నేను గుమ్మంలో కూర్చుని ఏడ్చింది. ఆ తర్వాత బియ్యంలో రాళ్ళు ఏరడం, చింతపండు గింజలు తియ్యడం తప్ప నాకు ఇంకో పని చెప్పలేదు. కోపమా, జాలా, అసలు నేనున్నానన్న సంగతే మరిచిపోయారా, ఏదీ తేలేది కాదు.

మధ్యాహ్నం అత్తగారు పొలానికి వెళ్ళాక పెట్టె తెరిచి పుస్తకం తీసేదాన్ని. మొదటి అధ్యాయం గుడ్డు ఉడకబెట్టడం గురించి. నీళ్ళు ఎప్పుడు కదులుతాయో, కదిలేటప్పుడు ఎలాంటి బుడగలు వస్తాయో, ఎంతకు లెక్కపెట్టాలో, అన్నీ చెప్పారు. కత్తి ఎలా పట్టుకోవాలో, వేళ్ళు ఎలా ముడుచుకోవాలో చెప్పారు. వంట గురించి ఒక మనిషి నాతో మాట్లాడినట్టు అనిపించింది అదే మొదటిసారి. పుట్టి బుద్ధెరిగాక అంత శ్రద్ధగా ఏదీ చదవలేదు. అర్థమైనంత మేరకు పైకి తెలుగులో చెప్పుకుంటూ చదివేదాన్ని, లేకపోతే మనసులో నిలిచేది కాదు. అర్థం కానివే ఎక్కువ. వాళ్ళ తూకాలకు మా తవ్వలు, సోలలు కుదిరేవి కావు. వాళ్ళు పెట్టెలాంటి పొయ్యిలో పెట్టమంటారు, మాకు మూడు రాళ్ళ పొయ్యి. ద్రాక్షసారా పొయ్యమన్న చోటల్లా ఏం పొయ్యాలో తెలియక, పులిసిన చెరకు రసం పోస్తే సరిపోతుందేమోనని ఒక కాగితం మీద రాసుకున్నాను. అన్నిటికన్నా అర్థం కానిది మాత్రం ఒకటుంది. పాలూ గుడ్లూ కలిపి చేసే ఒక తీపి పదార్థం చివర, దాన్ని 'మరియ స్నానం'లో అరగంట ఉంచవలెను అని ఉంది. మరియ ఎవరో నాకు తెలుసు, బడిలో ఆమె బొమ్మకు పూలు పెట్టేవాళ్ళం. ఆమె స్నానానికీ గుడ్లకూ సంబంధం ఏమిటో తెలియలేదు. ఎన్నో మధ్యాహ్నాలు "మరియ స్నానం, అరగంట. మరియ స్నానం, అరగంట" అని గొణుక్కుంటూ కూర్చున్నాను. చివరికి వేరే పేజీలో దొరికింది. వేడినీళ్ళున్న పెద్ద గిన్నెలో చిన్న గిన్నె దించి ఉడికించడానికి వాళ్ళు పెట్టుకున్న పేరట అది. గోడ అవతల పైడి పిడకలు సర్దుతూ ఇదంతా వింటోందని నాకు తెలియదు.

అక్కడి నుంచీ ఇంట్లో గాలి మారింది. పొద్దున్నే అత్తగారు వచ్చి నా నుదురు చూసి, "బొట్టెట్టుకున్నావేటి?" అని అడిగేవారు. కళ్ళెదుట కనబడుతున్న బొట్టు గురించి ఎందుకు అడుగుతున్నారో తెలిసేది కాదు. సాయంత్రం దేవుడి దగ్గర దీపం నేనే పెట్టేదాన్ని, ఆ పని పైడికి ఇచ్చారు. నా మంచం పైన ఎక్కడి నుంచో ఒక అమ్మవారి పటం తెచ్చి తగిలించారు. చుట్టుపక్కల ఆడవాళ్ళు వచ్చినప్పుడు నేను గదిలోకి వెళితే మాట ఆపేసేవారు. వంట రాకపోతే ఇన్ని చేస్తారా అనుకున్నాను. ఒక సాయంత్రం మా ఆయన సైకిలు తుడుస్తూ, నా వైపు చూడకుండా అడిగారు.

"ఆ పుస్తకం మీద నీకు నమ్మకమేనా?"

"నమ్మకమేనండీ. రోజూ కొంచెం చదివితే ఏడాదికి అంతా వచ్చేస్తుంది."

"మా అమ్మ ఒప్పుకోదు."

"ఒకసారి రుచి చూస్తే ఆవిడే ఒప్పుకుంటారండీ."

ఆయన చాలాసేపు ఆ చక్రాన్నే తుడిచారు. చివరికి, "నిన్ను బలవంతం చెయ్యనులే" అని లోపలికి వెళ్ళిపోయారు. ఎందుకు బలవంతం, దేనికి బలవంతం, నాకు అంతుపట్టలేదు. మంచి మనిషి అని మాత్రం అనుకున్నాను.

నాలుగు రోజుల తర్వాత, అత్తగారు మా నాన్నగారిని వెంటనే రమ్మని కార్డు రాయించారని పైడి నోటి నుంచి జారింది. నన్ను పంపించేస్తున్నారు, ఇంక సందేహం లేదనుకున్నాను. అప్పుడు నాకు కలిగినదేమిటో ఇవాళ్టికీ సరిగ్గా చెప్పలేను. వచ్చిన రోజు నుంచీ యానాం ఎప్పుడు వెళతానా అని లెక్కపెట్టుకుంటున్నదాన్ని. తీరా పంపిస్తారని తెలిసేసరికి, పనికిరానిదాన్నని పంపిస్తే వెళ్ళను అనుకున్నాను. నాన్నగారు వచ్చే రోజున, అందరి ఎదుటా, పుస్తకంలోది ఒకటి చేసి చూపించాలనుకున్నాను. ఆ పాలూ గుడ్ల తీపే నాకు కంఠతా వచ్చింది.

ఆ పొద్దున్న అత్తగారు గానుగ దగ్గరకు వెళ్ళగానే పొయ్యి అంటించాను. ముందు చక్కెర కరిగించి, బంగారు రంగు రాగానే గిన్నె అడుగున పొయ్యాలి. ఇంట్లో చక్కెర లేదు, అటకంతా బెల్లమే. బెల్లం మొదటి నుంచే బంగారు రంగు, మరి ఎక్కడ ఆపాలి? మొదటిసారి ఆపలేదు, బొగ్గయింది. రెండోసారి తొందరపడి దించాను, సాగిన జిగురయింది. మూడోసారి కలుపుతుంటే వెనక గుమ్మంలో అలికిడయింది. అత్తగారు. ఏదో మరిచిపోయి వచ్చినట్టున్నారు. గిన్నెలోకి తొంగి కూడా చూడలేదు. వాసన పీలుస్తూ నిలబడ్డారు. చుట్ట చేతిలోకి తీసి, "దించీ" అన్నారు. దించాను. "రంగు సూడకు. వాసన సూసుకో. సెరకు వాసన పోయి వేరే వాసనొస్తాది, అప్పుడు దించీయాల" అన్నారు. వచ్చి అన్ని నెలలైంది, అంత పొడుగు మాట ఆవిడ నాతో అనడం అదే మొదలు. అని, మాట అన్నందుకు తనకే ఏదోలా ఉన్నట్టు, గిర్రున తిరిగి వాకిట్లోకి వెళ్ళిపోయారు. నేను పాలల్లో గుడ్లు కలిపి పోసి, నీళ్ళ గుండిగలో గిన్నె దించి, మూత మీద నిప్పులు పేర్చాను.

నాన్నగారు అనకాపల్లి బస్సులో దిగి, దుమ్ము కొట్టుకుపోయి వచ్చారు. కాళ్ళు కడుక్కుని అరుగు మీద కూర్చోగానే అత్తగారు లోపలికి వెళ్ళి, ఉతికిన తువ్వాలులో చుట్టి నా పుస్తకం తెచ్చి ఆయన ముందు పెట్టారు. ఆ రోజు సెలవు కావడంతో మా ఆయన కూడా స్తంభానికి ఆనుకుని ఉన్నారు.

"అన్నయ్యగారూ, మీరు సదువుకున్నోరు. ముందే ఒక్క మాట సెప్పుంటే బాగుండేది" అన్నారు అత్తగారు. "మేవేటి మనుషుల్ని తినేస్తామేటి? పిల్ల కిరస్తానంలో కలిసిందని మాకు సెప్పనేదు. బైబిలు పెట్లో దాసుకుని, మా కళ్ళు గప్పి సదువుకుంటంది. బొట్టు సూత్తే ఉంటాది. దేన్ని నమ్మాలో తెల్టం నేదు."

నాన్నగారు నా వంక చూశారు. నేను ఆయన వంక చూశాను.

"ఇది బైబిలు కాదు చెల్లెమ్మా, వంటల పుస్తకం" అన్నారాయన.

"మరి మరియ స్నానం అంటాది వదిన" అంది పైడి తలుపు చాటు నుంచి. "రోజూ అంటాది. అరగంట అంటాది. కిరస్తానం పుచ్చుకున్నోళ్ళకి స్నానం సేయిస్తారు కదా, అదేటి?"

నాన్నగారు పేజీలు తిప్పి, ఆ చోటు చదివి, నీళ్ళ గిన్నెలో ఇంకో గిన్నె పెట్టి ఉడికించడాన్ని వాళ్ళు అలా అంటారని చెప్పారు.

"దానికి మరియ ఎందుకు?" అన్నారు అత్తగారు.

"అది నాకూ తెలియదు."

"మరి ఇప్పుడు పొయ్యి మీదున్నదేటి?"

"అదేనండీ" అన్నాను నేను. "మరియ స్నానం."

అందరూ లేచి వంటింట్లోకి వచ్చారు. గుండిగ మూత మీద నిప్పులు బూడిదవుతున్నాయి. మా ఆయన దాని వంక, నా వంక చూసి, మెల్లగా తల పట్టుకున్నారు. అత్తగారికి మాత్రం ఇంకా నమ్మకం కుదరలేదు. "ఏదీ, ఎక్కడో ఒకచోట తీసి సదవండి" అన్నారు. నాన్నగారు ఉల్లిపాయ తరగడం గురించిన పేజీ తీసి, నిలబడే తెలుగులో చెప్పారు: వేరున్న కొస కొయ్యవద్దు, పొర విడిపోతుంది, నిలువుగా గాట్లు పెట్టి తర్వాత అడ్డంగా కొయ్యాలి. అత్తగారు చాలా శ్రద్ధగా విన్నారు. విని, "ఉల్లిపాయ కొయ్యడానికి పుస్తకవేటి?" అన్నారు. తర్వాత నా వైపు తిరిగి, "నన్నడగొచ్చు కదే" అన్నారు.

"అడిగానండీ. చూసి నేర్చుకోమన్నారు" అన్నాను. అంత మాట ఎలా అన్నానో నాకే తెలియదు. మా ఆయన నేల చూశారు.

అత్తగారు పొయ్యి పక్కన పీట లాక్కుని కూర్చున్నారు. "నాకెవులు సెప్పేరే?" అన్నారు. "ఎనిమిదేళ్ళకి వచ్చేను ఈ ఇంటికి. మా అత్త గరిటితో ఒక్కటేసేది. ఎక్కడ తప్పో సెప్పేది కాదు, నేనే సూసుకునేదాన్ని. నిన్ను కొట్టకూడదనుకున్నాను. కొట్టకుండా ఎలగ నేర్పుతారో నాకు తెల్దు. సెయ్యడవే గానీ సెప్పడం రాదు నాకు."

నాన్నగారు పుస్తకం మూసి చంకలో పెట్టుకున్నారు, తానే ఏదో తప్పు చేసినట్టు.

గిన్నె కంచంలోకి బోర్లించాను. ఒక పక్క కొంచెం విరిగింది, మిగిలింది నిలబడింది. బెల్లం పాకం చుట్టూ కారింది. పాలల్లో గుడ్డేమిటని పైడి దూరం జరిగింది. మా ఆయన ఒక ముక్క తిని, ఇంకో ముక్క తిన్నారు. అత్తగారు వేలి కొసతో తీసి నాలుక మీద పెట్టుకుని, కళ్ళు మూసుకుని, ఎంతసేపటికో తెరిచారు. "బాగుందో నేదో తెల్టం నేదు" అన్నారు. "పాకం మటుకు సరిగ్గా దిగింది." అని, ఇంకోసారి వేలు ముంచారు.

తర్వాత ఏళ్ళల్లో ఆ పుస్తకంలోంచి మేమిద్దరం ఎన్నో చేశాం. నేను చదివి చెప్పేదాన్ని, ఆవిడ విని, "అలగ కాదేమో" అనేవారు. చాలాసార్లు ఆవిడన్నదే నిజమయ్యేది. ఉల్లిపాయల చారు ఆవిడ చేతిలో పుస్తకానిదీ కాని, మాదీ కాని ఇంకేదో అయ్యేది. చెప్పడం మాత్రం ఆవిడకు చివరిదాకా పూర్తిగా రాలేదు. వాసన గురించి ఆ రోజు చెప్పినట్టు ఏడాదికి ఒకటో రెండో మాటలు రాలేవి, వాటికోసం నేను కాచుకుని ఉండేదాన్ని. ఇప్పటి పిల్లలకు అరచేతిలోనే వందమంది చెప్తున్నారు, అడిగిందల్లా మళ్ళీ మళ్ళీ చెప్తున్నారు. అది మంచిదే. నాకు ఆ రోజుల్లో అలాంటిది ఉంటే అన్నం మాడేది కాదు. కానీ ఏడాదికి రెండు మాటలు మాత్రమే దొరికినప్పుడు ఆ రెంటినీ మనిషి ఎలా దాచుకుంటుందో వీళ్ళకు తెలియకపోవచ్చు. తెలియకపోతే వచ్చిన నష్టం ఏమైనా ఉందా అంటే, అదీ చెప్పలేను. కొట్టనూ కొట్టని, చెప్పనూ చెప్పని ఆ వంటింట్లో నేను ఏం నేర్చుకున్నానో, ఎప్పుడు నేర్చుకున్నానో ఎంత వెతికినా ఆ రోజు దొరకదు. ఒకనాడు ఇరవై మందికి వండేశాను, అంతే.

ఆ మరియ స్నానం నాడు వచ్చిన నాన్నగారు రెండు రోజులుండి బయలుదేరారు. నేనూ పైడీ బస్సు దాకా వెళ్ళాం. బస్సు రావడానికి ఇంకా టైముంది. ఆయన నన్ను కొంచెం పక్కకు పిలిచి, "వచ్చేస్తావా అమ్మా? ఒక నెల ఉండి వద్దువుగాని. మీ అత్తగారితో మాట్లాడాను, సరేనన్నారు. పెట్టె కావాలంటే తర్వాత పంపుతారు" అన్నారు. ఆ మాట కోసమే నేను అన్ని నెలలు ఎదురు చూశాను. బస్సు రావడం కనబడుతోంది. నాకు యానాంలో మా వీధీ, గోదావరి గట్టూ కళ్ళ ముందు తిరిగాయి.

"ఎల్లుండి గానుగ కదా నాన్నగారూ" అన్నాను. "ఎలగొస్తాను?"

ఆయన ఒక క్షణం నన్ను కొత్త మనిషిని చూసినట్టు చూశారు. "మాట మారిందే నీది" అన్నారు. నేను గమనించుకోలేదు. ఆయన నా తల మీద చెయ్యి పెట్టి బస్సెక్కారు. బస్సు దుమ్ము లేపుకుంటూ మలుపు తిరిగేదాకా నిలబడ్డాను. ఏడుపు వచ్చింది. వెళ్ళనందుకా, వెళ్ళిపోగలిగి కూడా వద్దన్నందుకా, దేనికో ఇప్పటికీ తేల్చుకోలేదు. పైడి నా చెయ్యి పట్టుకుని, "పద వదినా, ఎండ" అంది.

ఇంటికి చేరేసరికి మధ్యాహ్నం దాటింది. అత్తగారు అన్నం వార్చి కంచాలు వేస్తున్నారు. నన్ను గుమ్మంలో చూసి ఆగిపోయారు. నా వెనక ఇంకెవరైనా ఉన్నారేమోనని చూశారు, తర్వాత కుండలోకి చూశారు.

"ఎలిపోతావనుకున్నాను" అన్నారు. "నీ బియ్యం పొయ్యనేదు."

నేను కాళ్ళు కడుక్కుని వచ్చేసరికి ఇంకో కంచం వేసి ఉంది. ఆ పూట ఇంట్లో అందరికీ ఒక్కో ముద్ద తక్కువైంది.